చదువు నేర్పు యంత్రములు: ఒక విమర్శ

కొత్తగా వెలువడిన నవలను గూర్చి మన పత్రికలలో నాలుగు పుటల విమర్శ వచ్చును. పద్యకావ్యమునకును వచ్చును. ఒకప్పుడు బడిపిల్లల వాచకములను గూర్చి సైతము పండితులు తీవ్రముగ వాదించుకొనిరి. ఏ పాఠము ముందు రావలెను, ఏ మాట పిల్లవానికి తెలియును, ఏది తెలియదు అను విషయములపై ఏండ్ల తరబడి వ్యాసములు వెలువడినవి. నేడు మన పిల్లలు వాచకముకంటె నెక్కువసేపు చూచుచున్నది ఫోనుతెఱను. ఆ తెఱపైననే చదువు నేర్పెదమని చెప్పుకొను సాఫ్టువేరు పదులకొలది రకములుగ నున్నది. దానిని గూర్చి మనకు ప్రకటనలు కలవు గాని విమర్శ లేదు. పాఠములు వ్రాసినదెవ్వరో, అందలి తెలుగు ఎట్టిదో, పిల్లవాడు తప్పు చదివినపుడు యంత్రమేమి చేయునో అడుగువారు లేరు. ఇది యంత్రజ్ఞుల విషయమని తప్పుకొనుట సులువు. మాకు మాత్రము అది వాచకముగనే తోచుచున్నది. పాఠమున్నది, బొమ్మ యున్నది, గురుస్థానమున నొక గొంతుక యున్నది. కనుక వాచకమును పరీక్షించునట్లే దీనిని పరీక్షింపవచ్చును.

చదువవచ్చినవారికి మఱింత చదువు చెప్పెదమను సరకుతో మాకిప్పుడు పని లేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు పంచినప్పుడు అందలి గణిత విజ్ఞాన పాఠముల మంచిచెడ్డలు కొందఱు ముచ్చటించిరి. మా ప్రశ్న దానికి క్రిందిమెట్టుది. ఆ పాఠమును చదువనే లేని పిల్లవాడు ట్యాబును పట్టుకొని యేమి చేయును?

అట్టివారు కొద్దిమంది యని యనుకొనరాదు. ప్రథమ్‌ అను సంస్థ 2005 మొదలుకొని అసర్‌ అను పేర పల్లెలలో ఇంటింటికి మనుష్యులను పంపి, పిల్లలచేత చదివించి చూచుచున్నది. పరీక్ష మిక్కిలి సులభము. ఒక కాగితముపై కొన్ని అక్షరములు, కొన్ని మాటలు, మొదటి తరగతి పిల్లవాడు చదువదగిన నాలుగు వాక్యములు, రెండవ తరగతి పిల్లవాడు చదువదగిన చిన్న కథ ఉండును. దేశములోని పల్లెలలో ఐదవ తరగతి చదువుచున్న పిల్లలలో ఆ రెండవ తరగతి కథను చదువగలిగినవారు 2018లో నూటికి 50 మంది. కరోనా మహమ్మారి పిదప 2022లో ఆ సంఖ్య 43కు దిగినది. 2024లో కొంత కోలుకొని 49కి వచ్చినది. తక్కిన సగముమంది మందబుద్ధులు కారు. వారిలో పలువురు పాఠమును చెవితో పట్టి కంఠస్థము చేసి, సరిగా పుట త్రిప్పవలసిన చోటనే పుట త్రిప్పుచు, చదువుచున్నట్లే కానవచ్చుదురు. అరువది మంది నడుమ నట్టివానిని పోల్చుట ఉపాధ్యాయునకు కష్టము. తల్లిదండ్రులకు చదువు రానియింట అది మఱియు కష్టము.

వారికొఱకు తయారైన సాఫ్టువేరును పరీక్షించుటకు ముందు మన లిపిని గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఏలయన ఈ యంత్రములలో పెక్కింటి పుట్టుక ఆంగ్లముకొఱకు. ఆంగ్లమునకు అక్షరములు 26 మాత్రమే. అచట చిక్కంతయు ఒకే అక్షరము చోటునుబట్టి పలువిధముల పలుకుటలో నున్నది. మన అక్షరము మాట తప్పదు. వ్రాసినదే పలుకును. అందుచేత తెలుగు నేర్చుట సులభమని పెద్దలనుచుందురు. కాని ముప్పదియైదు హల్లులకు పండ్రెండేసి గుణింతపు రూపములు చేర్చి చూడుడు. వత్తులు రాకమునుపే నాలుగువందలకు పైబడిన రూపములను కన్ను గుర్తింపవలెను. అందు ద, ధ, థ ఒక జట్టు; ప, ఫ, ష ఒక జట్టు; చిన్నగీతతో, చుక్కతో, పొట్టలో గంటుతో వేఱగునవి. వత్తులు వచ్చుసరికి త, న, మ, య, ర, ల మున్నగునవి తమ తల్లిరూపును విడిచి వేఱొక వేషము వేసికొనును. అంతటితో పోదు. 'క్రి' అను అక్షరమున గుడి క తలపై నుండును, ర క్రింద నుండును. కన్ను క, గుడి, ర అని చూచును. నాలుక క, ర, ఇ అని పలుకవలెను. మన లిపికి సోదరియగు కన్నడలిపిని పిల్లలు నేర్చుకొను తీరును పరిశోధించి సోనాలీ నాగ్‌గారు 2007లో ప్రకటించిన వ్యాసము, ఈ అక్షరసంపాదనము ఆంగ్లమునందువలె తొలిరెండేండ్లలో ముగియక మూడు నాలుగు తరగతులవఱకు సాగునని చూపినది. మన బడులలో రెండవ తరగతి దాటినపిదప అక్షరములు నేర్పు ఆచారము లేదు. అప్పటికి రానివానికి ఇక నెన్నడును రాదు.

ఇందుకు మేము తఱచుగ తలచుకొను దృష్టాంత మొకటి కలదు. చదువురాని ఆడుదానికి మొట్టమొదట అక్కఱకు వచ్చు మాటలలో నొకటి ఆర్‌.టి.సి. బస్సులో ఆమె కూర్చుండదగిన చోట వ్రాసిన మాట. 'స్త్రీలకు'. అందు తొలియక్షరమున స, త, ర, దీర్ఘపు ఈకారము నాలుగును పెనవేసికొని యున్నవి. వర్ణమాలను వరుసగ నేర్పినచో ఆమె ఈ మాటను చేరునప్పటికి చదువు మాని పోవును.

ఈ చిక్కును గ్రహించి తెలుగునందే మొదట తయారైన సాఫ్టువేరు ఒకటి కలదు. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌ సంస్థకు చిరకాలము సారథ్యము వహించిన ఎఫ్‌. సి. కోహ్లీగారు (1924–2020) వయోజనుల నిరక్షరాస్యతను కంప్యూటరుతో పోగొట్టవచ్చునని నమ్మిరి. 2000 సంవత్సరమున హైదరాబాదు చెంతనున్న బీరంగూడ గ్రామమున ఆ ప్రయత్నమునకు ఆరంభము జరిగినది. అప్పుడది మెదకు జిల్లా. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. తరువాత హిందీ, తమిళము, మరాఠీ మున్నగు భాషలకును పోయినది. దాని పద్ధతి యిట్టిది. అక్షరముతో గాక మాటతో మొదలిడును. తెఱపై బొమ్మ, దానికి సంబంధించిన మాట కనబడును. గొంతుక ఆ మాటను పలుకును. మఱల మఱల పలికించి, పిదప మాటను ముక్కలుగ విఱిచి, అవే ముక్కలు వేఱుమాటలలో వచ్చుట చూపును. పాఠములకు ఆధారము జాతీయ సాక్షరతా మిషను వాచకములు. సుమారు 40 గంటలలో కొన్నివందల మాటలు చదువవచ్చునని దానిని తయారుచేసినవారు చెప్పిరి. కార్యాలయములలో పనికిరాక మూలబడిన పాతకంప్యూటర్లపైన సైతము నడచునట్లు దానిని కూర్చిరి. తరగతిని నడుపువారికి ఉపాధ్యాయశిక్షణ అక్కఱలేదు.

ఇందలి గుణములను ముందు చెప్పెదము. మొదటిది సిగ్గునకు సంబంధించినది. నలువదియేండ్ల కూలిమనిషి పలకపట్టి కూర్చుండుటకు జంకును. ఊరిలోని ఇంటరుచదివిన పిల్లవాడు తన్ను దిద్దునప్పుడు ఆతని కంటిలోని చిఱునవ్వు ఆమెకు కనబడును. యంత్రము నవ్వదు. పదిసార్లడిగినను పదునొకండవసారి అదే గొంతుతో చెప్పును. ఈ యొక్క గుణము చాల పెద్దది. మన పాతబడులలో పిల్లవానికి చదువుమీద పుట్టిన భయమంతయు ఉపాధ్యాయుని గొంతు హెచ్చుట నుండియే పుట్టినది. రెండవది, అర్థము ముందు, అక్షరము తరువాత అను సూత్రము. పెద్దలు అఆలు దిద్దుటకు ఓర్వరు. మొదటిదినముననే ఒక మాట చదివితిననిపించుకొని పోయిన మనిషి మఱునాడు వచ్చును.

ఇక కొఱతలు. మాటను బొమ్మగ పట్టు పద్ధతికి తెలుగుభాష అంతగా లొంగదు. ఆంగ్లమున ఇంటిని తెలుపుమాట ఎచట వచ్చినను ఒకే రూపున వచ్చును. మనకు 'ఇల్లు' నేర్పిన మఱుక్షణమున 'ఇంటికి' వచ్చును, 'ఇండ్లలో' వచ్చును. 'కన్ను' నేర్చినవానికి 'కంటిలో' అనునది క్రొత్తమాట. 'ఊరు' 'ఊళ్లో' అగును, 'చేయి' 'చేతితో' అగును. అందుచేత తెలుగున ఐదువందల మాటలు వచ్చుటయనగా వానికి విభక్తులు చేరిన రూపములన్నియు వచ్చుట. ఈ భేదము పట్టికలో కనబడదు. ఐదువందల మాటలతో బస్సుపలకయు, దుకాణపు పేరును, పత్రికలోని పెద్దయక్షరముల శీర్షికయు చదువవచ్చును. శీర్షిక క్రింది వార్తను చదువుట వేఱుపని. రెండవ కొఱత మాకు మఱింత పెద్దదిగ తోచుచున్నది. ఆ కార్యక్రమము మొదట చదువుట మాత్రమే నేర్పినది, వ్రాయుట నేర్పలేదు. కాలము కలిసివచ్చునని అట్లు చేసిరి. కాని వీథిబడి పిల్లవాడు ఇసుకలో వ్రేలితో దిద్దిన అక్షరమును కన్ను మఱచినను చేయి మఱవదు. ద, ధ భేదమును తెఱపై నూఱుసార్లు చూచుటకంటె పొట్టలో గంటు నొకసారి తన చేత పెట్టుట మేలు. పైగా సంతకముకొఱకే బడికి వచ్చిన ఆడువారు మనదేశమున లెక్కకు మిక్కిలి. వ్రేలిముద్ర వేయు అవమానము పోగొట్టని చదువును వారు చదువని యెంచరు.

ఈ పద్ధతిని దేశమంతట ప్రయోగించినచో నిరక్షరాస్యత కొద్దియేండ్లలో పోవునను ఆశను ఆ రోజులలో పెద్దలు వెలిబుచ్చిరి. జనాభా లెక్కలు చూడుడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అక్షరాస్యులు 1991లో నూటికి 44 మంది, 2001లో 60 మంది, 2011లో 67 మంది. యంత్రము రాకముందటి దశాబ్దమున పదునాఱు మెట్లు, వచ్చినపిదపటి దశాబ్దమున ఏడు మెట్లు. ఈ తరుగుదలకు యంత్రమును నిందించుట అన్యాయము. అది చేరిన గ్రామములు తక్కువ. మిగిలిపోయినవారు ముసలివారు, కడు పేదలు. కాని మొదటి దశాబ్దమున అంతవేగము వచ్చుటకు కారణమేదియో ఆలోచింపదగును.

నెల్లూరుజిల్లాను తలచుకొందము. 1990లు ఆరంభమగు కాలమున అచట సంపూర్ణ సాక్షరతా ఉద్యమము నడచినది. కంప్యూటరు లేదు, బొమ్మలు కదలలేదు. రాత్రిబడులు, లాంతరులు, జీతమెఱుగని కార్యకర్తలు, చౌకకాగితముపై అచ్చైన వాచకములు. అందలి పాఠమొకటి 'సీతమ్మ కథ'. సారాయిచేత చెడిన కాపురము, ఆడువారు ఒక్కటై సారా దుకాణమును మూయించుట, ఇంతే కథ. సాహిత్యదృష్టితో చూచిన గొప్ప రచన కాదు. కాని ఆ పాఠము చదివినవారి యిండ్లలో ఆ కథ యే జరుగుచుండెను. 1992 నాటికి దూబగుంటలో రోసమ్మ మున్నగు స్త్రీలు సారాయిని ఊరిలోనికి రానీయమని నిలిచిరి. ఆ మంట జిల్లాలు దాటి ప్రాకినది. 1993 అక్టోబరు 1 మొదలు రాష్ట్రమున సారాయి నిషిద్ధమైనది. వాచకములోని పాఠము ఒక ప్రభుత్వమును కదల్చిన ఉదంతము మన భాషలో మఱియొకటి కలదని మేమెఱుగము.

కోహ్లీగారి సాఫ్టువేరు పాఠములకు ఆధారమును ఆ జాతివాచకములే. మాటలు తక్కువవి కావు. భేదమెచట వచ్చినది? నెల్లూరున పాఠము ముగిసినపిదప స్త్రీలు ఒకచోట చేరియుండిరి. రాత్రిబడి వారికి మగవారి యడ్డులేక మాటలాడుకొనుటకు దొరికిన తావు. యంత్రము పాఠము ముగియగానే తరువాతిపాఠమునకు పోవును. నలువదిగంటలలో ముగించుటయే దాని బిరుదు కదా. చదివిన వాక్యము నిజమా, మనయూర నిట్లున్నదా యని నిలిచి వాదించుకొనుటకు వ్యవధి యిచ్చినచో నలువదిగంటలు నూటయిరువది యగును, అప్పుడది గొప్పగా చెప్పుకొనుటకు పనికిరాదు.

ఇరువదియేండ్లు గడచినవి. కంప్యూటరు ఫోనులోనికి వచ్చినది. క్రొత్తవిద్య యొకటి నేర్చినది. అది వినగలదు. గూగులు సంస్థ 2019 మార్చిలో 'బోలో' అను పేర హిందీ, ఆంగ్లములలో నొక చదువుల యాపును మనదేశమున విడుదల చేసినది. కొలదికాలమున తెలుగును చేర్చిరి. 2020లో 'రీడ్‌ ఎలాంగ్‌' అని పేరు మార్చి పలుదేశముల కిచ్చిరి. పిల్లవాడు బిగ్గరగా చదువును, దియా అను బొమ్మబాలిక వినును. సరిగా చదివిన మెచ్చును, తడబడిన అందించును. ఒకసారి దింపుకొన్న పిదప ఇంటర్నెట్టు లేకున్నను నడచును. పల్లెలకిది గొప్ప మేలు. మాటపై వ్రేలు పెట్టిన పలికి వినిపించును. కథలలో పెక్కింటిని ప్రథమ్‌ బుక్స్‌వారి స్టోరీవీవరు భాండారమునుండి గ్రహించిరి. విడుదలకు ముందు ఉత్తరప్రదేశమున సుమారు 200 గ్రామములలో ప్రయోగించి చూడగా మూడునెలలలో నూటికి 64 మంది పిల్లల చదువు మెఱుగుపడినదని ఆ సంస్థవారు ప్రకటించిరి. ఇట్టి యంకెలను గూర్చి చదువరులకొక మాట. బడికి పోవు పిల్లలు మూడునెలలలో ఏ యంత్రము లేకున్నను కొంత మెఱుగుపడుదురు. అట్టివారెందఱో ప్రక్కనుంచి చూడక, 64 అను అంకె ఒంటిగ నున్నప్పుడు దాని బరువు తెలియదు.

ఈ జాతి యాపులను మేము స్వయముగ పరీక్షింపదలచితిమి. మాయింట పనిచేయునామె పాలమూరువైపునుండి వచ్చినది. ఆమె కూతురు నాలుగవ తరగతి. ఆ పిల్లచేత నెలదినములు సాయంకాలములు ఒక యాపులో చదివించితిమి. దానిపేరు చెప్పుట యిచట అనవసరము; మా ఫిర్యాదు ఆ జాతిమీదనే.

ఒకనాటి కథలో 'తాత సంతకు వచ్చాడు' అని యున్నది. పిల్ల వ్రేలితో గీసికొనుచు చూచి 'తాత అంగడికి వచ్చిండు' అని చదివినది. యంత్రము రెండు మాటలక్రిందను ఎఱ్ఱగీత పెట్టినది. పిల్ల మఱల అట్లే చదివినది. మఱల ఎఱ్ఱగీత. మేము 'సంత' అను మాటపై వ్రేలుపెట్టి మొదటియక్షరమేమి యని యడిగితిమి. 'సం' అనినది. తరువాత? 'త'. మఱి అంగడి అని యేల చదివితివి? 'సంత అంటె అంగడే గద సార్‌!' అనినది, మాకు తెలియదేమో అనునట్లు.

ఆమె తప్పుచదువలేదు. అక్షరమును పట్టినది, అర్థమును పట్టినది, తనయింటి తెలుగులోనికి మార్చినది. చదువుటయనగా ఇంతకంటె నేమి కలదు? బుద్ధిగల ఉపాధ్యాయుడు ఆ ఎఱ్ఱగీత పెట్టవలసిన చోట భుజము తట్టును. తరువాత, పుస్తకములో నెట్లున్నదో చూడుమని మెల్లగ చెప్పును. యంత్రమునకు ఆ పిల్ల చేసినది, అక్షరమురాక బొమ్మచూచి ఊహించిన పిల్ల చేసినది, రెండు నొక్కటే. అది చెవి గాని బుద్ధి కాదు. అంతకంటె విచారింపదగిన సంగతి మఱునాడు జరిగినది. క్రొత్తకథను ఆ పిల్ల ఒక్కయెఱ్ఱగీత లేక ముగించి మూడు నక్షత్రములు సంపాదించినది. కథయేమి యని యడిగిన తెల్లమొగము వేసినది. ప్రతిమాటపైనను వ్రేలుపెట్టి, యంత్రము పలికినదానిని చిలుకవలె తిరిగి పలికి గెలిచినదట. ముందటినాటి ఎఱ్ఱగీతలు ఆమెకీ యుపాయమును నేర్పినవి.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరల భాష నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పబూనిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పోరాడినది ఈ పిల్లకొఱకే. ఇంటిలో నాడుమాటకు బడిలోని మాట పరాయిదైనప్పుడు పిల్లవాడు రెండు కొండలెక్కవలసి యుండునని వారు జీవితమంతయు చెప్పిరి. (ఆ మాటను మేము గ్రాంథికమున వ్రాయుచుండుట చూచి పంతులుగారు నవ్వకుందురా!) వ్యావహారికము గెలిచినదని మనము సంతోషించితిమి. గెలిచిన వ్యావహారికము ఎవరి వ్యావహారికమో పాలమూరు పిల్లనడుగుడు. అచ్చుపుస్తకమునందు ఈ దోషము కొంత సహ్యము, ఏలయన పుస్తకము తప్పుపట్టదు. విను యంత్రమునకు ఒకేయొక తెలుగు నేర్పినచో, అది ఇంటింట కూర్చుండి తల్లి నేర్పిన మాటకు దినదినము ఎఱ్ఱగీత పెట్టు పంతులగును. 'వచ్చాడు', 'వచ్చిండు', 'వచ్చినాడు' మూడును ఒప్పేయని దానికి నేర్పుట అసాధ్యము కాదు. నేర్పవలెనని తోచినవారు దానిని తయారుచేయుచోట ఉండవలెను.

కథల తెలుగును గూర్చియు ఒక మాట. మేము నెలదినములలో చదివించినవానిలో సగమునకు పైగ అనువాదములు. బొమ్మలు మనోహరములు. కాని వాక్యములలో క్రియ వచ్చుచోట రాదు. 'తన యొక్క' అని మొదలగును. తెలుగుతాత మనుమరాలితో చెప్పని మాటలు చెప్పును. చదువుటలో వెనుకబడిన పిల్లకు వాక్యము తరువాతిమాటను తానే అందింపవలెను. 'ఆకలి' అనగానే 'వేసింది' అని నాలుకపైకి రావలెను. పరాయినడక గల వాక్యము ఆ ఊతకఱ్ఱను లాగివేయును. చక్కగ చదువగల పిల్లకు చెడ్డయనువాదము విసుగు మాత్రమే. చదువలేనిపిల్లకు అది గోడ.

ఇతరదేశముల అనుభవమును త్వరగా చెప్పెదము. ఫిన్లండుదేశమున యువాస్కులా విశ్వవిద్యాలయమువారు చదువున వెనుకబడు పిల్లలకొఱకు గ్రాఫోగేము అను ఆటను కల్పించిరి. శబ్దము విని దానికి తగిన అక్షరమును పట్టుట ఆ ఆట. ఫిన్నిషుభాష మనభాషవలె వ్రాసినదే పలుకును. ఆ యాట పలుభాషలకు పోయినది. ఇంగ్లండున దాని యాంగ్లరూపమును పరీక్షించి ఎడ్యుకేషన్‌ ఎండోమెంటు ఫౌండేషనువారు 2018లో ప్రకటించిన ఫలితములలో, ఆడినపిల్లలకు ఆడనివారికంటె అదనపు లాభము కనబడలేదు. పలుదేశముల పరీక్షలను కూర్చి 2020లో వెలువడిన సమీక్షయు మొత్తముమీద మాటలు చదువుటలో లాభము లేదనియే తేల్చినది. అయితే అందొక విశేషమున్నది. పెద్దవారొకరు ప్రక్కన నుండి పిల్లతో మాటలాడుచు ఆడించినచోట్ల మాత్రము మేలు కనబడినది.

దీనికి ఎదురుపక్షముగ మన ఢిల్లీనగరపు ఉదాహరణమును దాచరాదు. కార్తీక్‌ మురళీధరన్‌, అభిజీత్‌ సింగ్‌, అలెహాంద్రో గనిమియాన్‌ అనువారు 2015లో 619 మంది పిల్లలలో కొందఱికి చీట్లువేసి మైండ్‌స్పార్కు అను సాఫ్టువేరు కేంద్రములలో చోటిచ్చి, నాలుగున్నర నెలల పిదప తక్కినవారితో పోల్చి చూచిరి. 2019లో ప్రకటించిన వారి వ్యాసమునుబట్టి గణితమునందును హిందీయందును లాభము స్పష్టముగ కనబడినది. ఆ యంత్రము పిల్ల యే తరగతియో అడుగదు, ఏ మెట్టున నున్నదో చూచి అచటనుండి మొదలుపెట్టును. తొమ్మిదవ తరగతివానికి మూడవ తరగతి పాఠము చెప్పుటకు మన బడి సిగ్గుపడును, యంత్రము సిగ్గుపడదు. ఇది మేము మనఃపూర్వకముగ మెచ్చుకొనునది. అయినను ఆ కేంద్రములలో దినమునకు సగముసేపే తెఱ. తక్కిన సగము చిన్నజట్టుకు మనిషి చెప్పిన పాఠము. మేలులో దేని పాలెంతయో విడదీయుట కష్టము.

కాబట్టి ఈ యాపులను కొని పిల్లల చేతికిచ్చి తమ పనిలోనికి పోవు మన బోటి గృహస్థులే మొదటి ముద్దాయిలని మాకు తోచుచున్నది. యంత్రమును తయారుచేసినవాడు ప్రక్కన నొక పెద్దమనిషి ఉండునని తలచి తయారుచేయును. మనము ప్రక్కన నుండనక్కఱలేదని తలచి కొందుము. ఈ రెండు తలపుల నడుమ పిల్ల ఒంటరిగ కూర్చుండి నక్షత్రములు ఏఱుకొనుచుండును.

ఎఱ్ఱగీతల ముచ్చట జరిగిన వారమునకు ఆ పిల్ల తల్లి మమ్మడిగినది. 'సారూ, గిసొంటిది నాకేమన్న ఉన్నదా?' యని. వెదకితిమి. దొరకినవన్నియు పసిపిల్లలకు చెప్పు ముద్దుగొంతుతో, కుందేళ్లతో, ఏనుగులతో నున్నవి. ముప్పదియైదేండ్ల తల్లి ఆ కుందేటిముందు కూర్చుండి చప్పట్లు కొట్టించుకొనుటకు ఒప్పలేదు. ఒప్పనందుకు మాకామెయందు గౌరవము హెచ్చినది. కోహ్లీగారి కార్యక్రమము వయోజనులకొఱకు పుట్టినది కనుక అందీ దోషము లేదు. ఇరువదియేండ్లలో యంత్రము వినుట నేర్చినది గాని, పెద్దవారితో పెద్దవారివలె మాటలాడుట మఱచినది. ఇప్పుడు ఆమె సాయంకాలము పని ముగించుకొని అరగంట మాయింట కూర్చుండుచున్నది. అక్షరమాల వద్దని, ఆమె తెచ్చిన మాటలతోనే మొదలిడితిమి. రేషను కార్డుమీది తనపేరు, కూతురిపేరు, ఊరిపేరు, గ్యాసుపుస్తకము. కూతురు ప్రక్కన కూర్చుండి తల్లి తడబడినచోట అందించుచున్నది, మేమూరకున్నాము. నిన్న బస్సులోని మాటకు వచ్చితిమి. స క్రింద త యున్నదని ఆమె తానే పట్టినది. ప్రక్కన చుట్టుకొని యున్న ర దగ్గఱ ఆగినది. ఈ దినమును ఆ యక్షరమునొద్దనే యున్నాము.